రాజులంతా చచ్చిపోయినారు గదా, మనకేంటికి?

ప్రశ్న: చంద్రగిరి దగ్గర ఒక ఉన్నత పాఠశాలలో 8, 9 తరగతులకు సాంఘిక శాస్త్రం చెబుతున్నాను. బీఈడీలో నేర్పినట్టే ప్రతి చరిత్ర పాఠానికీ జ్ఞానం, అవగాహన, వినియోగం, నైపుణ్యం, అభిరుచి, వైఖరి అని లెసన్ ప్లాన్‌లో రాస్తాను. పాఠం మారినా అవి మారవు, రాజు పేరొక్కటే మారుతుంది. క్లాసులో చదివించడం, నోట్సు చెప్పడం, బిట్లు అడగడం, అంతే. మొన్న తొమ్మిదో తరగతి పిల్లవాడొకడు లేచి, "రాజులంతా చచ్చిపోయినారు గదా మేడమ్, మనకేంటికి ఇదంతా?" అన్నాడు. క్లాసంతా నవ్వింది. "పరీక్షలో వస్తుంది, కూర్చో" అన్నాను. ఇంకో చిక్కు కూడా ఉంది. పిల్లలు ఫోన్లో వచ్చిన చరిత్ర మెసేజీలు చూపించి ఇది నిజమా అని అడుగుతున్నారు. సగం నాకే తెలియవు. బడిలో చరిత్ర చెప్పడంలో అసలు ఉద్దేశం ఏమిటి? సిలబస్ నడుపుకుంటూనే, 40 నిమిషాల పీరియడ్‌లో దాన్ని ఎలా అందుకోవాలి?
— ఒక ఉపాధ్యాయిని, తిరుపతి జిల్లా

జవాబు:

ఆ పిల్లవాడు అడిగింది తుంటరి ప్రశ్నలా ఉన్నా, మీరు మమ్మల్ని అడిగిందీ అదే. ముందు వాడికి జవాబు చెబుదాం. రాజు పోయాడు, నిజమే. ఆయన హయాంలో తవ్విన చెరువు పోలేదు. ఆ చెరువు కింద ఎవరి మడి ఎక్కడుందో, ఎవరికి అసలు మడే లేదో, అదీ పోలేదు. వాళ్ల అవ్వ పుట్టిల్లు తిరుత్తణి వైపు అయితే, అది వేరే రాష్ట్రంలో ఎందుకుందో చెప్పే గీత 1960లో గీసింది. పిల్లవాడు ఆ గీత దాటి పండక్కి వెళ్లి వస్తూనే ఉన్నాడు. చచ్చిపోయినవాళ్లు చేసిపెట్టిన ఏర్పాట్లలోనే బతుకుతున్నామని వాడికి తెలిస్తే చాలు, "ఏంటికి" అన్న ప్రశ్న వాడే మానేస్తాడు. అయితే ఈ మాట ఉపన్యాసంగా చెబితే మళ్లీ నవ్వుతారు. వాడి చేత ఒక పని చేయించి తెలియజెప్పాలి. మీ లెసన్ ప్లాన్‌లో లేనిది ఆ పనే.

మీరు రాసే ఆరు మాటల్లో తప్పు లేదు. కానీ "విద్యార్థులలో దేశభక్తి పెంపొందును" అని రాసుకుంటే, పదకొండు గంటలకు మొదలైన పీరియడ్ పదకొండూ నలభైకి ముగిసేసరికి అది ఎంత పెంపొందిందో ఎవరు కొలుస్తారు? ఉద్దేశం వేరు, లక్ష్యం వేరు. పదో తరగతి దాటి బయటికి వెళ్లేటప్పుడు పిల్లవాడు ఎలా ఆలోచించాలన్నది ఉద్దేశం. ఈ రోజు గంట కొట్టేలోగా వాడు చేసి చూపించాల్సిన పని లక్ష్యం. మొదటిది ఏడాదికొకసారి రాసుకుంటే చాలు. రెండోది ప్రతి పాఠానికీ కొత్తగా రాయాలి, ఒక్కటే రాయాలి, అది కంటికి కనబడే పని అయి ఉండాలి. "దానశాసనం నకలులో దాత పేరు, ఇచ్చిన వస్తువు, తేదీ గీత గీసి చూపిస్తారు. చివర శాపం ఎందుకు రాశారో రెండు వాక్యాలు రాస్తారు." ఇది లక్ష్యం. తనిఖీకి వచ్చినవారు ఎవరి నోటుబుక్కు తెరిచినా అది నెరవేరిందో లేదో తెలిసిపోతుంది.

ఇక ఉద్దేశాలు. పుస్తకాల్లో పదీ పదిహేను ఉంటాయి. మా మటుకు మేం నాలుగు చెబుతాం: కాలం లెక్క తెలియడం, ఆధారం అడగడం, ఒక సంగతికి పలు కారణాలుంటాయని గ్రహించడం, మన కళ్లతో కాకుండా ఆనాటి మనిషి కళ్లతో చూడగలగడం. నాలుగింట్లో రెండోదే ప్రాణం. మరి గర్వం మాటేమిటి అంటారేమో. సొంత ఊరి మీద ప్రేమ ఉండాల్సిందే, ఊరి సంగతులు తెలిసేకొద్దీ అది దానంతటదే వస్తుంది. దాన్నే లక్ష్యంగా పెట్టుకుంటే మాత్రం "మా తాతలు నేతులు తాగారు, మా మూతులు వాసన చూడండి" అనేవాళ్లు తయారవుతారు.

కాలం లెక్కకు ఒక తాడు చాలు. 12 మీటర్ల పురికొస కొనండి. నైలాన్ వద్దు, లాగితే సాగుతుంది, కొలతలన్నీ తప్పుతాయి. ఒక కొస దగ్గర ముడి వేసి దాన్ని 1000వ సంవత్సరం అనుకోండి. ఏడాదికి ఒక సెంటీమీటరు. ఇందులో సుఖం ఏమిటంటే, సంవత్సరంలోంచి వెయ్యి తీసేస్తే మిగిలేదే కొలత. శ్రీకాళహస్తి రాజగోపురం కట్టించిన 1516 ముడి నుంచి 5 మీటర్ల 16 సెంటీమీటర్ల దగ్గర పడుతుంది. తళ్లికోట యుద్ధం 1565, మద్రాసు నేల ఇంగ్లీషు కంపెనీ చేతికి వచ్చిన 1639, చిత్తూరు దగ్గర నరసింగరాయనిపేటలో హైదరాలీ కన్నుమూసిన 1782, తిరుమల ఆలయ నిర్వహణ హథీరాంజీ మఠం మహంతులకు అప్పగించిన 1843, చిత్తూరు జిల్లా ఏర్పడిన 1911, దేవస్థానం కమిటీ వచ్చిన 1933, కొండకు మొదటి ఘాట్ రోడ్డు పడిన 1944, స్వాతంత్ర్యం 1947, ఆంధ్ర రాష్ట్రం 1953, ఆంధ్రప్రదేశ్ 1956, తిరుత్తణి అటు వెళ్లి సత్యవేడు ఇటు వచ్చిన 1960, గోపురం కూలిన 2010, తిరుపతి జిల్లా ఏర్పడిన 2022. చీటీలు రాయించి, ఒక్కొక్కటీ ఒక్కో పిల్లవాడి చేతికిచ్చి, కొలిచి గుచ్చమనండి. వరండా పొడవునా తాడు పడుతుంది.

ఇక్కడ తప్పకుండా జరిగే పొరపాటు ఒకటుంది. టేపు ఇవ్వకుండా వదిలేస్తే చీటీలన్నీ సమాన దూరంలో గుచ్చేస్తారు. పాఠ్యపుస్తకంలో కాలరేఖలు అలాగే ఉండటం వల్ల వచ్చిన అలవాటు అది. మొదటిసారి అలాగే గుచ్చనివ్వండి. తర్వాత టేపుతో సరిచేయించండి. తళ్లికోటకూ మద్రాసు దానానికీ మధ్య 74 సెంటీమీటర్లు. స్వాతంత్ర్యానికీ తిరుపతి జిల్లాకీ మధ్య 75. పుస్తకంలో ఆ మొదటి రెండూ పక్కపక్క పేజీల్లో ఉంటే పిల్లలు ఒకే తరం అనుకుంటారు. పుట్టినప్పటి నుంచి ఇప్పటిదాకా తమ బతుకు ఎంతుందో వేలితో చూపించమంటే 14 సెంటీమీటర్లు. జానెడు కూడా లేదని వాళ్లే అంటారు. ఆ తర్వాత గుడిమల్లం లింగం సంగతి చెప్పండి. అది క్రీస్తుకు పూర్వానిదని పండితుల్లో చాలామంది అంటారు. అంటే మొదటి ముడికి అవతల ఇంకో పది మీటర్ల పైన తాడు కావాలి. వరండా దాటి గ్రౌండులోకి పోవాలి. ఏర్పేడు పక్కనున్న ఆ గుడిలోని లింగం అంత దూరంలో నిలబడిందని వాళ్లు నడిచి చూస్తారు.

కాలం లెక్కలో మరో రెండు తిరకాసులు. 1516ను పదిహేనో శతాబ్దం అని రాయడం ఒకటి. 1 నుంచి 100 దాకా మొదటి శతాబ్దం కాబట్టి 1516 పదహారోది. "నీకు పద్నాలుగు నిండితే నడిచేది ఎన్నో ఏడు?" అని అడిగితే పట్టేసుకుంటారు. రెండోది శక సంవత్సరం. మన శాసనాల్లో తేదీ చాలాసార్లు శకంలో ఉంటుంది. దానికి 78 కలిపితే క్రీస్తుశకం. కానీ శక సంవత్సరం ఉగాదికి మారుతుంది గనుక జనవరి నుంచి ఉగాది వరకు పడే తేదీలకు 79 కలపాలి. శ్రీకృష్ణదేవరాయలు మొదటిసారి తిరుమల వచ్చింది శకం 1434, ఆంగీరస నామ సంవత్సరం. 78 కలిపితే 1512 వస్తుంది. ఆయన వచ్చింది ఫిబ్రవరిలో, కాబట్టి 1513. గైడుల్లో ఒక ఏడాది తేడాలు కనబడటానికి చాలాసార్లు కారణం ఇదే. ఆంగీరస ఒక్కటే రాసి ఉంటే ఏ ఏడో తేలదు, అరవై ఏళ్లకొకసారి తిరిగి వస్తూనే ఉంటుంది.

ఇప్పుడు ఆధారం సంగతి. ఇక్కడ మీరున్న చోటు మీకు పెద్ద వరం. తిరుమల, తిరుపతి ఆలయాల్లో వెయ్యికి పైగా శాసనాలున్నాయి. వాటిని దేవస్థానం వారు 1930లలోనే సంపుటాలుగా అచ్చువేయించడం మొదలుపెట్టారు. వాటిలో ఎక్కువ భాగం తమిళంలో ఉన్నాయని చెప్పగానే పిల్లలు నోరెళ్లబెడతారు. ఆ ఆశ్చర్యాన్ని వదలకండి. భాషకూ రాష్ట్రానికీ ఇప్పుడున్న లంకె అప్పుడు లేదన్నది ఒక పీరియడ్‌కు సరిపడా విషయం.

విజయనగర కాలపు దానశాసనం ఒకటి తీసుకుని సరళమైన వాడుక తెలుగులో ఒక పేజీకి కుదించి, నలుగురికి ఒక జిరాక్స్ చొప్పున ఇవ్వండి. చాలా శాసనాల కట్టుబడి ఒకటే. ముందు శుభం పలుకుతుంది, తర్వాత తేదీ, పాలిస్తున్న రాజు బిరుదులు, దాత ఎవరు, ఏమిచ్చాడు, దేనికిచ్చాడు, చివర శాపం. పిల్లలు రాజు బిరుదుల దగ్గరే ఆగిపోతారు, ఎందుకంటే మనం ఇన్నాళ్లూ చెప్పిందీ అడిగిందీ బిరుదులే. వాళ్లను "దేనికిచ్చాడు" దగ్గరికి లాక్కురండి. తిరుమల శాసనాల్లో అసలు సరుకు అక్కడుంది. దాత ఇచ్చిన సొమ్మును చాలాసార్లు దేవుడి గ్రామాల్లో చెరువులు, కాలువలు తవ్వించడానికీ బాగుచేయించడానికీ వాడారు. నీళ్లు వచ్చాయి, పంట పెరిగింది, పెరిగిన పంటతో దాత పేరున నైవేద్యం జరిగింది. ఆ ప్రసాదంలో దాత వంతు నాలుగో భాగం అని రాసిపెట్టుకున్నారు.

బోర్డు మీద ఈ నాలుగు మాటలే గుండ్రంగా రాసి బాణాలు వేయండి: సొమ్ము, చెరువు, పంట, ప్రసాదం. తర్వాత అడగండి. ఇందులో ఎవరికి లాభం? దాతకు పుణ్యం ఒక్కటేనా దక్కింది? చెరువు తవ్విన కూలీ పేరు శాసనంలో ఉందా? ఎందుకు లేదు? ఈ ప్రశ్నలకు పుస్తకంలో జవాబు ఉండదు, కాగితంలోంచే తీయాలి. ఆనాటి ఆర్థిక జీవనం గురించి నోట్సులో రెండు పేజీలు చెప్పినా అంటనిది ఈ ఒక్క కాగితంతో అంటుతుంది. పొద్దున బడికొచ్చేటప్పుడు చెరువు కట్ట మీద నడిచి వచ్చిన పిల్లవాడైతే మరీ.

చివరి శాపం మీద పది నిమిషాలు ఉంచుకోండి. తాను ఇచ్చినదైనా, పరులు ఇచ్చినదైనా దానభూమిని అపహరించినవాడు అరవై వేల ఏళ్లు మలంలో పురుగై పుడతాడని శాసనాల్లో తరచుగా కనబడే శ్లోకం. చదవగానే క్లాసు గొల్లుమంటుంది. నవ్వనిచ్చి, "ఇంత ఘాటుగా ఎందుకు తిట్టాల్సి వచ్చింది?" అనండి. ఒకరిద్దరు నెమ్మదిగా అంటారు, "అప్పుడు కూడా భూములు కాజేసేవాళ్లు ఉన్నారన్న మాట." చెప్పకనే చెప్పిన సంగతిని కాగితంలోంచి పట్టడం అంటే అదే. ఆ రోజు మీ లక్ష్యం నెరవేరినట్టు.

ఊరి గుడి గోడ మీద శాసనం ఉంటే పిల్లల్ని తీసుకెళ్లండి. అక్షరాలు కనబడ్డంలేదని సుద్దముక్కతో రుద్దడం, పసుపు పూయడం, తీగతో గీకడం అసలు చేయనివ్వకండి. అలా చేస్తే రాయి అరిగి అక్షరమే పోతుంది. ఉదయం ఎండ ఏటవాలుగా పడే వేళకు వెళ్లండి, లేదా ఫోన్ టార్చి గోడకు ఆనించినట్టు పక్కనుంచి వేయండి. ఎదురుగా వేస్తే ఏమీ కనబడదు, పక్కనుంచి వేస్తే నీడ పడి గీతలు లేస్తాయి. ఫోటో తీసుకుని బడికి వచ్చి చదవండి. పాత లిపి మీకే కూడిరాకపోతే సిగ్గుపడనక్కర్లేదు. పిల్లలు అక్షరాలు గుర్తుపట్టే ఆట ఆడుకున్నా చాలు.

ఆధారాలు ఒకదానికొకటి పొసగని చోట చరిత్ర రుచి తెలుస్తుంది. రెండు ఉదాహరణలు మీ గడప ముందే ఉన్నాయి. పల్లవ రాణి సామవై తిరుమల ఆలయానికి వెండి విగ్రహం ఇచ్చిన శాసనం ఒకటి. కొన్ని పుస్తకాల్లో అది 614 అనీ, కొన్నింట్లో 966 అనీ ఉంటుంది. మూడున్నర శతాబ్దాల తేడా! శాసనంలో శక సంవత్సరం లేదు, ఒక రాజు పాలనలో ఫలానా ఏడు అని ఉంది. ఆ రాజు ఎవరని తేల్చుకుంటే తేదీ అక్కడికి జరుగుతుంది. పండితులు పొరబడటమో అబద్ధమాడటమో కాదిది, ఆధారం అంతవరకే పలుకుతుంది. ఎనిమిదో తరగతికి ఇది కొంచెం బరువు, తొమ్మిదికి సరిపోతుంది.

రెండోది చంద్రగిరిదే. "చంద్రగిరి రాజు మద్రాసును ఇంగ్లీషువాళ్లకు రాసిచ్చాడు" అని ఇక్కడ అందరి నోటా వినబడుతుంది. ఈ వాక్యాన్ని బోర్డు మీద రాసి, ముక్కలు చేసి, ఒక్కో ముక్కనూ నిలదీయండి. రాసిచ్చింది ఎవరు? 1639లో కంపెనీ మనిషి ఫ్రాన్సిస్ డేకు పట్టా ఇచ్చింది దామర్ల వెంకటాద్రి నాయకుడు. ఆయన అప్పటి విజయనగర ప్రభువు, ఆరవీటి వంశపు వెంకటపతి రాయల కింది అధికారి. మరి "రాజు" అనే మాట ఎంతవరకు నిజం? "మద్రాసు" అంటే ఏమిటి? ఇప్పటి చెన్నై కాదు, సముద్రపు ఒడ్డున చిన్న నేల. "రాసిచ్చాడు" అంటే ఊరికే ఇచ్చాడా? నాయకుడికి ఆ రేవు మీద వచ్చే సుంకంలో వాటా కావాలి, కంపెనీకి చవగ్గా నేత గుడ్డ దొరికే చోటు కావాలి. అప్పటికే వాళ్లకు మచిలీపట్నంలోనూ, పులికాట్ సరస్సుకు ఎగువన దుగరాజపట్నంలోనూ స్థావరాలున్నాయి, అవి చాల్లేదు. అంతా అయ్యాక పిల్లలు ఆ వాక్యాన్ని సరిచేసి మళ్లీ రాయాలి. సరైన వాక్యం పాతదానికంటే పొడుగ్గా, కాస్త చప్పగా వస్తుంది. నిజం రాయాలంటే అలాగే ఉంటుందని వాళ్లకు చెప్పండి.

మీరన్న ఫోన్ మెసేజీలకూ మందు ఇదే. ప్రతి మెసేజీకి నిజమో అబద్ధమో మీరు తీర్పు చెప్పే పని పెట్టుకోకండి. ఒకరోజు తప్పు చెబుతారు, ఇంకోరోజు ఎవరి ఇంట్లోనో పెద్దాయనకు కోపం వస్తుంది. గోడ మీద నాలుగు ప్రశ్నలు అతికించండి: ఎవరన్నారు? ఎప్పుడన్నారు? వాళ్లకెలా తెలిసింది? ఇంకెవరైనా అన్నారా? మెసేజీ తెచ్చిన పిల్లవాడే ఆ నాలుగింటికీ జవాబు వెతుక్కొచ్చి చెప్పాలి. సగానికి పైగా మొదటి ప్రశ్న దగ్గరే ఆగిపోతాయి, ఎవరన్నారో ఉండదు. కులం, మతం మీదకు పోయే మెసేజీ అయితే క్లాసులో చదివి వినిపించనివ్వకండి. మీరు తీసుకుని, అందులో చారిత్రక వాక్యం ఏదైనా ఉంటే ఆ ఒక్కదాన్నే మర్నాడు బోర్డు మీద పెట్టండి. వాక్యాన్ని నిలదీయాలి, ఇంటిని నిలదీయకూడదు.

తిరుపతి పరిసరాల్లో చరిత్ర చెప్పేవాళ్లకు స్థలపురాణాల దగ్గర ఒక ఇబ్బంది వస్తుంది. పిల్లవాడు అవ్వ ఒళ్లో విన్న కథ చెబితే, కొందరు ఉపాధ్యాయులు కొట్టిపారేస్తారు, కొందరు దాన్నే చరిత్రగా రాయిస్తారు. రెండూ నష్టమే. పురాణానికీ శాసనానికీ వేసే ప్రశ్నలు వేరు. జనం దేన్ని నమ్మారు, దేన్ని గొప్పగా తలచారు అన్నది స్థలపురాణం చెబుతుంది. ఫలానా రోజున ఫలానావారు ఫలానాది ఇచ్చారని శాసనం చెబుతుంది. నోటుబుక్కులో రెండు గడులు గీయించి, ఏ సంగతి ఏ గడిలోకి వస్తుందో పిల్లల చేతే పెట్టించండి. ఎవరి భక్తికీ దెబ్బ తగలదు.

కారణాల గురించి క్లుప్తంగా. "విజయనగర సామ్రాజ్య పతనానికి కారణాలు" అంటే మన పిల్లలు అయిదు పాయింట్లు అప్పజెబుతారు. అవి అయిదూ విడివిడి బిట్లే. దాని బదులు, 1565 తర్వాత రాజధాని పెనుకొండకూ, అక్కడి నుంచి చంద్రగిరికీ ఎందుకు జరిగిందో అడగండి. జట్టుకు ఆరు చీటీలిచ్చి, ఒక్కో కారణం రాసి, ఏది లేకపోతే మిగతావి జరిగేవి కావో దాన్ని పైన పెట్టమనండి. ప్రతి చీటీ మూలన "ఆధారం ఉంది" అనో "మా ఊహ" అనో రాయాలి. ఊహ తప్పు కాదు, ఊహను ఊహ అని రాయకపోవడం తప్పు.

"నువ్వే కృష్ణదేవరాయలివైతే ఏం చేస్తావు?" అనే ప్రశ్న మానేయండి. పిల్లలు తమ కోరికలు రాస్తారు, "అందరికీ ఉచితంగా బస్సు ఇస్తాను" అంటారు. ఆనాటి మనిషి కళ్లతో చూడాలంటే ఆనాటి కట్లు ముందు చెప్పాలి. 1944కు ముందు కొండకు మోటారు దారి లేదు. నడవలేని యాత్రికులు డోలీల్లో వెళ్లేవారు. ఇంతవరకు ఇచ్చి, "రోడ్డు పడిందన్న కబురు విని యాత్రికుడు ఏమనుకుని ఉంటాడు, డోలీ మోసేవాడు ఏమనుకుని ఉంటాడు? చెరి మూడు వాక్యాలు" అనండి. ఒకే సంగతి ఇద్దరికి రెండు రకాలుగా ఎలా తగులుతుందో ఆరు వాక్యాల్లో వచ్చేస్తుంది.

ఇంటి పెద్దల్ని అడిగి రమ్మనే పని చాలామంది ఉపాధ్యాయులు ఇస్తారు, చాలావరకు చప్పగా తేలుతుంది. కారణం ప్రశ్న. "మీ కాలంలో ఎలా ఉండేది?" అంటే అవ్వ "అంతా బాగుండేది నాయనా" అంటుంది, కథ కంచికి. చిన్న ప్రశ్నలు వేయించండి. పెళ్లికి ఏ బండిలో వచ్చావు? ఆ రోజు ఏం వండారు? మొదటిసారి కరెంటు ఎప్పుడు చూశావు? తిరుత్తణి మద్రాసు రాష్ట్రంలోకి పోయినప్పుడు మనవాళ్లు ఏమనుకున్నారు? ఏడాది గుర్తు లేదంటే "ఎవరు పుట్టినప్పుడు?", "ఏ వరదకు ముందు?" అని అడగాలి. పెద్దలు అలాగే గుర్తుపెట్టుకుంటారు. ముగ్గురు అవ్వలు ఒకే సంగతిని మూడు రకాలుగా చెబితే ఎవరూ అబద్ధమాడినట్టు కాదు, ఎక్కడ కలుస్తున్నారో ఎక్కడ విడిపోతున్నారో పట్టిక వేయించండి. ఒక జాగ్రత్త: ఆకలి, అప్పు, అవమానం లాంటివి బయటికి వస్తే, అవ్వ సరేనంటేనే క్లాసులో చదవాలి.

చంద్రగిరి కోటకు పిల్లల్ని ఎలాగూ తీసుకెళ్తారు. పురావస్తు శాఖ మ్యూజియాలకు సాధారణంగా శుక్రవారం సెలవు, రోజు చూసుకోండి. అయిదుగురికి ఒక జట్టు, జట్టుకు ఒక్కటే నోటుబుక్కు. మ్యూజియంలో బోర్డులు ఎత్తి రాసుకోవడం నిషేధించండి, లేకపోతే రెండు గంటలూ దానికే పోతాయి. రాజమహల్‌కు మూడు అంతస్తులున్నా కర్ర వాడలేదు, రాయి, ఇటుక, సున్నంతో కట్టారు. అంతస్తు బరువు దేని మీద నిలిచిందో చూసి బొమ్మ గీయమనండి, కమానులు వాళ్లే పట్టుకుంటారు. రాణీమహల్ దగ్గర ఒకే ప్రశ్న చాలు. కింది అంతస్తు చూస్తే రాణి ఉండే ఇల్లులా ఉందా? ఆ పేరు కట్టినవాళ్లు పెట్టిందా, తర్వాతివాళ్లు పెట్టిందా, తేల్చాలంటే ఏ ఆధారం కావాలి?

సిలబస్ సంగతి. ఇవన్నీ ప్రతి పాఠానికీ చేయమనడం లేదు, చేస్తే మార్చి నెలలో మీ ప్రాణం మీదకు వస్తుంది. పాఠానికి ఒక్క పీరియడ్ ఇలాంటి పనికి ఉంచుకోండి, మిగతావి మామూలుగానే నడపండి. ఆ ఒక్క పీరియడ్ ఎక్కడినుంచి వస్తుందంటే నోట్సు చెప్పి రాయించే పీరియడ్‌లోంచి. కంఠస్థం మీద మాకు కోపం లేదు. తాడు మీది తేదీల్లో డజను పిల్లవాడికి నోటికి రావాల్సిందే. మేకులు లేని గోడకు చొక్కా తగిలించలేం. డెబ్బై తేదీలు నోటికి పట్టించి, ఒక్కదానికీ "ఎలా తెలుసు" అని అడగకపోవడం మీదే మా అభ్యంతరం.

పరీక్షలో కూడా ఆ ప్రశ్న కనబడకపోతే పిల్లలు దాన్ని ఆట కింద తీసుకుంటారు. మీ చేతిలో ఉన్న ఎఫ్ఏ (ఫార్మేటివ్ అసెస్‌మెంట్, ఏడాది మధ్యలో పెట్టే చిన్న పరీక్ష) పేపర్లో ఒక్క ప్రశ్న మార్చండి. "శ్రీకృష్ణదేవరాయల గొప్పతనం తెలుపుము" తీసేసి, పిల్లలు ఇంతకుముందు చూడని శాసనం నాలుగు వాక్యాలు ఇచ్చి, "దీనివల్ల మనకు ఏం తెలుస్తోంది? ఏం తెలియడం లేదు?" అని అడగండి. అయిదు మార్కులకైతే ఎవరు, ఎప్పుడు అన్నదానికి 1, తెలిసిన సంగతిని శాసనంలోని మాట చూపించి చెప్పినందుకు 2, తెలియనిది ఒక్కటైనా సరిగ్గా పట్టినందుకు 1, ఇంకా తెలియాలంటే ఎక్కడ వెతకాలో చెప్పినందుకు 1. మొదటిసారి బాగా చదివే పిల్లలకే తక్కువ మార్కులు వస్తాయి, కంగారు పడతారు. "ఏం తెలియడం లేదు" అన్నచోట చాలామంది ఖాళీ వదిలేస్తారు, తెలియదని రాస్తే మార్కులు పోతాయని ఇన్నాళ్లూ మనమే నేర్పాం మరి. పేపర్లు ఇచ్చేసే రోజు, ఆ చోట రాసిన జవాబుల్లో మంచివి రెండు మూడు పేర్లు చెప్పకుండా చదివి వినిపించండి. రెండో ఎఫ్ఏకు దారిలో పడతారు.

ముందు ఆ తొమ్మిదో తరగతి పిల్లవాడి సంగతి చూడండి. పురికొస కొనుక్కొచ్చి, మొదటి ముడి పట్టుకుని నిలబడే పని వాడికివ్వండి.